నైబర్‌హుడ్ వేరు, మార్కెట్ ఏరియా వేరు: ఇంటి అప్రైజల్‌పై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఇల్లు కొంటున్నవాళ్లు అప్రైజల్ రిపోర్ట్ (లోన్ కోసం ఇంటి విలువ కట్టి ఇచ్చే నివేదిక) చూసి, అది రాసే అప్రైజర్లమైన మమ్మల్ని తరచూ అడిగే మాట: "మా వీధిలో అమ్ముడైన ఇల్లు వదిలేసి, ఎక్కడో ఉన్నదాన్ని ఎందుకు పోల్చారు?"

అపోహ: నైబర్‌హుడ్, మార్కెట్ ఏరియా ఒకటే.

నైబర్‌హుడ్‌కి నేల మీద హద్దులుంటాయి: హైవే, వాగు, రైలు పట్టాలు, ఇళ్ల వయసూ తీరూ మారిపోయే చోటు. అప్రైజల్ రిపోర్ట్ రాసే ఫారం 1004లో, నైబర్‌హుడ్ సెక్షన్‌లో ఆ హద్దులు రాస్తాం. లోపల ఇళ్లెంత, అపార్ట్‌మెంట్లెంత, వ్యాపార స్థలాలెంత అన్నది శాతాల్లో చూపిస్తాం. మార్కెట్ ఏరియా గీత గీసేది మాత్రం కొనేవాళ్లే. ఈ ఇల్లు చేజారితే వాళ్లు ఇంకెక్కడెక్కడ వెతుకుతారో అదే మార్కెట్ ఏరియా.

సరస్సు ఒడ్డున ఇల్లు ఉందనుకోండి. వెనక వీధి ఇల్లు అదే నైబర్‌హుడ్, నడిస్తే రెండు నిమిషాలు. అయినా నీళ్లను ఆనుకున్న ఇల్లే కావాలనుకునేవాళ్లు ఆ వీధి వైపు చూడరు. అవతలి ఒడ్డుకు వెళ్తారు, అక్కడా లేకపోతే పక్క సరస్సుకు. అంటే మార్కెట్ ఏరియా మ్యాపులో ఒకే ముక్కగా ఉండాలని కూడా లేదు. ఎకరాల స్థలంలో ఒంటరిగా ఉన్న ఇంటికి అది కౌంటీ అంతా కావచ్చు. ఒకే తీరు ఇళ్లున్న పెద్ద సబ్‌డివిజన్‌లో (ఒకే లేఅవుట్‌గా కట్టిన కాలనీలో) నైబర్‌హుడ్, మార్కెట్ ఏరియా రెండూ దాదాపు కలిసిపోతాయి. బహుశా ఈ అపోహ పుట్టింది అక్కడే.

అపోహ: కంప్స్ (విలువ కట్టడానికి పోల్చే, ఇప్పటికే అమ్ముడైన ఇళ్లు) మైలు దాటకూడదు.

బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ ఫ్యానీ మే నిబంధనల్లో ఇలాంటి మైలు లెక్క లేదు. వీలైతే అదే నైబర్‌హుడ్ నుంచి తీసుకోమంటారు. పోటీపడే మరో నైబర్‌హుడ్ నుంచి తెస్తే కారణం రాయాలి. నా మటుకు నాకు, దగ్గరలో ఉందని పోలికే లేని ఇంటిని తెచ్చి అడ్జస్ట్‌మెంట్లు (తేడాలకు తగ్గట్టు ధరలో కూడికలు, తీసివేతలు) గుప్పించడం కన్నా, 4 మైళ్ల అవతల నిజంగా పోటీపడే ఇల్లే నయం. లోన్ ఇచ్చే లెండర్‌ని విలువ మళ్లీ చూడమని కోరేటప్పుడు మీరూ అలాంటి ఇళ్లే చూపండి.

అపోహ: జిప్ కోడే హద్దు.

అది ఉత్తరాల బట్వాడా కోసం 1963లో వచ్చింది, అంతే. ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలో చెప్పే స్కూల్ జోన్ సంగతి వేరు. దానికోసం కొనేవాళ్లు ఎక్కువ పెడుతుంటే, ఆ గీత వీధి మధ్యలోంచి పోయినా లెక్కలోకి వస్తుంది.

అపోహ: ఎవరుంటారో చూసి హద్దు గీస్తారు.

1930లలో ప్రభుత్వ సంస్థ హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ మ్యాపులు జాతిని చూసి కొన్ని ప్రాంతాలకు, అక్కడ లోన్ ఇవ్వడం ప్రమాదమన్నట్టు, ఎర్ర రంగు వేశాయి. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇంటి విషయంలో జాతి వివక్షను నిషేధించింది. జాతి అప్రైజల్ అంశం కాదని ఫారం 1004లోనే అచ్చయి ఉంటుంది.

అపోహ: నైబర్‌హుడ్ ధరలు పెరిగితే మా ఇంటి ధరా అంతే పెరిగినట్టు.

ఫారం 1004 నైబర్‌హుడ్ సెక్షన్‌లోని కనిష్ఠ, గరిష్ఠ ధరల్లో చిన్నవీ పెద్దవీ, పాతవీ కొత్తవీ అన్నీ కలిసి ఉంటాయి. ఈ ఏడాది పెద్ద ఇళ్లు ఎక్కువగా అమ్ముడైతే చాలు, ఏ ఒక్క ఇంటి ధరా కదలకపోయినా మధ్యస్థ ధర పైకి లేస్తుంది. అందుకే ట్రెండ్ చూసేటప్పుడు మీ ఇంటితో పోటీపడే ఇళ్లను విడదీసి చూస్తాం. ఏ గుంపు నుంచి లెక్క తీశామో రిపోర్ట్‌లో చెప్పకపోతే లెండర్ తరఫున లోన్ పరిశీలించే అండర్‌రైటర్ వెనక్కి పంపుతాడు, పంపాలి కూడా.