గంట ఒకటే, వినే చెవులు రెండు

చిట్టితల్లీ,

మునగచెట్టు గొంగళిపురుగు పాకి చెయ్యంతా దద్దుర్లు లేచాయనీ, సెట్రిజిన్ వేసుకుంటే తగ్గాయనీ రాశావు. కింద అడిగిన ప్రశ్న భలే ఉంది. "నాయనమ్మ కడుపుమంటకి వేసుకునే ఫామోటిడిన్ కూడా హిస్టమిన్ మందేనట. మరి నా మాత్రే నాయనమ్మకి ఇస్తే పోలా?"

పోదమ్మా. ఎందుకో చెప్పాలంటే మా బడికి వెళ్ళాలి.

మా బళ్ళో వేపకొమ్మకి రైలుపట్టా ముక్క వేలాడేది. అదే గంట. మధ్యాహ్నం అది మోగగానే మేం పలకలు పడేసి సత్తుగిన్నెలతో బయటికి పరుగు. అదే మోత విని వెనక పాకలో వంటామె మూత తీసి, మొక్కజొన్న రవ్వ ఉప్మా గరిటెతో పోసేది. ఉండలు కట్టి, పసుప్పచ్చగా, పొగ వాసనతో ఉండేది. ఇప్పుడు ఎవరు చేసినా ఆ రుచి రావడం లేదు. పొగే దాని రుచేమో!

హిస్టమిన్ మన ఒంట్లోనే పుట్టే ఒక రసాయనం, ఆ గంటలాంటిది. చర్మంలో దాన్ని వినే చెవి పేరు హెచ్1. అది వింటే దురద, ఎరుపు, వాపు. జీర్ణాశయం గోడలో ఆమ్లం పోసే కణాల చెవి హెచ్2. నీ మాత్ర పిల్లల చెవుల్లో దూది పెట్టింది. వంటామెకి గంట వినపడుతూనే ఉంది కదా!

పాత అలర్జీ మందులేవీ ఆమ్లాన్ని తగ్గించకపోవడంతో, వేరే చెవి ఉండాలని అనుమానం వచ్చింది. స్కాట్లాండ్‌లో పుట్టిన జేమ్స్ బ్లాక్, ఆయన తోటివాళ్ళు 1972లో దాన్ని రుజువు చేశారు. ఆ చెవికి పట్టే దూది, అంటే సిమెటిడిన్, 1976లో బ్రిటన్‌లో అమ్మకానికొచ్చింది. నాయనమ్మ ఫామోటిడిన్ కూడా ఆ చెవికి పట్టే దూదే. బ్లాక్‌కి 1988లో నోబెల్ ఇచ్చారు. అంతకుముందు పేగుపూత ముదిరితే జీర్ణాశయంలో కొంత కోసి తీసేసేవారు. మా పెదనాన్నకి అలాగే తీశారు. పెళ్ళి భోజనాల్లో కూడా రెండు ముద్దల మజ్జిగన్నం తిని లేచేవాడు పాపం.

వంటామెని గంట ఒక్కటే కదిలించదులే. నరాలూ పిలుస్తాయి. గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ అయితే తనూ పిలుస్తుంది, గంటా కొట్టిస్తుంది. అందుకే దూది పెట్టినా కాస్త ఉప్మా పడుతూనే ఉంటుంది. ఒమెప్రజోల్ లాంటివి ఏకంగా గరిటెనే పట్టుకుంటాయి.

అలాగని ఆమ్లం మనకి శత్రువు కాదు. తిండితో వచ్చే క్రిముల్ని చంపేది అదే. డాక్టర్ని అడక్కుండా నెలల తరబడి మాత్రలు మింగొద్దని నాయనమ్మకి నువ్వే చెప్పు. నేను చెబితే బాగుండదు, వియ్యపురాలు కదా.

ఇక మాత్ర మానేసిన వారానికి ఓ పని చెయ్యి. స్కేలు మొద్దు అంచుతో, తోలు లేవకుండా, ముంజేతి మీద ఒక గీత గట్టిగా గియ్యి. ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా అవుతుంది. కొందరికి తట్టు కూడా తేలుతుంది. అక్కడ గంట మోగిందన్నమాట. తమ్ముడి చెయ్యీ పక్కన పెట్టి చూడు, ఎవరిది ముందు ఎర్రబడిందో నాకు రాయి.

మీ తాతయ్య