నల్లగొండ ఫ్లోరైడ్: కడుపు గోడ దాటే దారి

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు అనగానే గార పట్టిన పళ్లు, వంగిన నడుములు, దొడ్డికాళ్లు గుర్తొస్తాయి. ఈ ఫ్లోరైడ్ సమస్య మీద ఏ ప్రభుత్వం ఏం చేసిందో చాలామంది రాశారు. నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్ కడుపులోంచి ఎముక దాకా ఎలా చేరుతుందన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పలేదు. అది తెలిస్తేనే ఏ పరిష్కారం ఎంతవరకు పనికొస్తుందో తేలుతుంది.

మన దేశంలో ఈ జబ్బు (ఫ్లోరోసిస్) 1937లో నెల్లూరు జిల్లాలో బయటపడింది. నల్లగొండ సంగతి నిజాం కాలంలోనే, 1940ల్లో డాక్టర్ల దృష్టికొచ్చింది. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం తగినంత ఉంటే దానితో కలిసి అడుగున పేరుకుంటుంది, లేకపోతే కరిగే ఉండిపోతుంది. చేదబావులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ, రాతిలో ఏళ్లతరబడి నిలిచిన నీళ్లే జనం తాగాల్సి వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

ఇక కణం సంగతి. ఫ్లోరైడ్ రక్తంలోకి చేరాలంటే కడుపు గోడలోని కణాల పొర దాటాలి. కొవ్వులో కరిగే పదార్థాలు కణంలోకి తేలిగ్గా పోతాయని 1890ల్లో ఎర్నెస్ట్ ఓవర్టన్ అనే శాస్త్రవేత్త గమనించాడు. కణపొర కొవ్వులాంటి పదార్థంతో తయారైందన్న ఆలోచన అలా మొదలైంది. ఆ కొవ్వు రెండు వరసల్లో ఉంటుందని 1925లో గోర్టర్, గ్రెండెల్ చెప్పారు. విద్యుదావేశం ఉన్న అయాన్లు ఈ పొరను నేరుగా దాటలేవు, వాటికి ప్రొటీన్ల సాయం కావాలి. నీళ్లకు కూడా ప్రత్యేకమైన ప్రొటీన్ మార్గాలున్నాయని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది.

నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా అయానే, రుణావేశం ఉంటుంది. ఆ లెక్కన అది పొర దగ్గరే ఆగిపోవాలి. కానీ కడుపులోని ఆమ్లంలో దానికి హైడ్రోజన్ అతుక్కుంటుంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు ఆవేశం ఉండదు, చిన్న అణువు, అందుకే పొరలోంచి ఇట్టే దూరిపోతుంది. రక్తంలోకి వచ్చాక హైడ్రోజన్‌ను వదిలేసి మళ్లీ అయాన్ అవుతుంది. తాగిన గంటలోపే రక్తంలో ఫ్లోరైడ్ బాగా పెరుగుతుంది. కొంత మూత్రంలో పోతుంది. ఒంట్లో నిలిచిపోయినదాంట్లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎదిగే ఎముక దాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి పిల్లలకే దెబ్బ ఎక్కువ. తిండిలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ కడుపులోనే దానితో కలిసిపోయి, లోపలికి పోయేది తగ్గుతుంది. పాలు, పెరుగు కొనలేని ఇళ్ల పిల్లలకు ఆ కాస్త రక్షణ కూడా లేకపోయింది. అదే నీళ్లు తాగినా పేదింటి పిల్లలకే ముప్పు ఎక్కువంటే నాకు మనసొప్పదు, కానీ వాస్తవం అదే.

పరిష్కారాల్లో ముందొచ్చింది నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను మడ్డిగా దించే ఈ పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. ఖర్చు తక్కువే. కానీ పటిక, సున్నం పాళ్లు కుదరాలి, మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి.

తర్వాత ఊరూరా ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్) ప్లాంట్లు వచ్చాయి. 1960 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ చేసిన పొరతో ఈ పద్ధతి అక్కరకొచ్చింది. ఒత్తిడి పెట్టి నీళ్లను పొర దాటిస్తే అయాన్లు చాలావరకు వెనకే ఉండిపోతాయి. మామూలు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అయాన్‌గా ఉంటుంది కాబట్టి ఆగిపోతుంది. అవే నీళ్లు బాగా పుల్లబడితే, కడుపులో జరిగినట్టే, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి ఈ పొరను కూడా దాటేస్తుంది. ఇంకో చిక్కుంది. ఆర్‌ఓ కాల్షియంను కూడా తీసేస్తుంది. ఫ్లోరైడ్ అంతా చేరిన వృథా నీటిని చాలాచోట్ల ప్లాంటు వెనకే వదిలేస్తారు, అది మళ్లీ నేలలోకే ఇంకుతుంది.

అందుకే నా దృష్టిలో కృష్ణా నీళ్లే అసలు పరిష్కారం. నదుల నీళ్లను నల్లాలతో ఇంటింటికీ చేర్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో కట్టింది ఊరికే కాదు. అయితే మంచినీళ్లు వచ్చినంత మాత్రాన పాత ఎముకలు సరికావు. వాటిలో చేరిన ఫ్లోరైడ్ బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది, వంగిన కాళ్లు వాటంతటవే తిన్నగా కావు. బోరు నీళ్లతో పెరిగినవాళ్లకు నల్లాతో పాటు వైద్యం, పింఛను కూడా అందాలి.