ముక్కుకి తువ్వాలు కడితే చాలా? తోటల్లో పురుగుమందు కొట్టేవారి అపోహలు - వాస్తవాలు

"తువ్వాలు కట్టుకున్నాను సార్, నాకేం కాదు." భీమిలి, పద్మనాభం వైపు సరుగుడు నర్సరీల్లో, టేకు తోటల్లో ఈ మాట వినని సీజన్ లేదు. మిగతా అపోహలతో డబ్బు పోతుంది. దీనితో మనుషులు పోతారు.

అపోహ: మందు ముక్కు, నోటి నుంచే ఒంట్లోకి పోతుంది.

వాస్తవం: మందు కొట్టేవాళ్ల ఒంట్లోకి ఎక్కువగా దిగేది చర్మంలోంచే. చెదలకి వాడే క్లోరిపైరిఫాస్ లాంటివి మన ఉక్కపోతలో, చెమట పట్టిన ఒంట్లోకి ఇంకా తొందరగా దిగుతాయి. అన్నిటికంటే ప్రమాదం నీళ్లు కలపని చిక్కటి మందు కొలిచేటప్పుడు. చాలామంది ఉత్త చేతులతో ఉండేదీ అప్పుడే! ట్యాంకు కారితే తడిసిన చొక్కా వీపుకి అంటుకుని ఉంటుంది. తువ్వాలు తడిసినా అంతే. రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, బూట్లు, కళ్లద్దాలు, లేబుల్‌లో చెప్పిన మాస్కు కావాలి. బట్టలు తడిస్తే పని ఆపి, విప్పేసి, సబ్బుతో కడుక్కోండి.

ఓ ఎండాకాలం నర్సరీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మందు కొట్టి వచ్చిన భర్తకి చెమటలు, వాంతులు. ఇరుగుపొరుగు వడదెబ్బ అన్నారు, మజ్జిగ పట్టమన్నారు. ఇంకొకరు పాలు తాగిస్తే విషం విరిగిపోతుందన్నారు. ఆవిడ పాపం ఏడుస్తోంది. "కంటిపాప ఎలా ఉందో చూడమ్మా" అన్నాను. "ఆవగింజంత అయిపోయింది బాబూ, చొంగ కూడా కారుతోంది" అంది. వడదెబ్బకి అలా అవదు. ముందు 108కి ఫోన్ చెయ్యమన్నాను. ఈలోగా చేతులకి గ్లౌజులు తొడుక్కుని, అతని బట్టలు తీసేసి సబ్బుతో కడగమని, మందు డబ్బా ఆసుపత్రికి పట్టుకెళ్లమని చెప్పాను. అక్కడ దానికి విరుగుడైన అట్రోపిన్ ఇచ్చారు. బతికాడు.

పాలు వెళ్లేది పొట్టలోకి. విషం అప్పటికే చర్మంలోంచి రక్తంలోకి పోయింది. పాలు దాన్నేం చేస్తాయి? ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దాన్ని నమ్మి ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్తున్నారు. కాస్త తలనొప్పి రాగానే ప్రాణం మీదికి వచ్చిందని టెన్షన్ పడొద్దు. కానీ ఇంట్లో కూర్చుని చూడొద్దు. ఇలాంటి మందులకి ఆసుపత్రిలో విరుగుడు ఉంది.

మిగతావి క్లుప్తంగా.

డబ్బా మీద పచ్చ త్రికోణం ఉంటే ఏం కాదంటారు. ఆ రంగు మనిషికి అప్పటికప్పుడు ఎంత విషమో చెబుతుంది, అంతే. ఎరుపు అన్నిటికంటే తీవ్రం, తర్వాత పసుపు, నీలం, పచ్చ. చేపల సంగతి, తేనెటీగల సంగతి అందులో లేదు. గెడ్డల (వాగుల) పక్కన కొట్టకండి.

తొలకరి తర్వాత గొంగళి పురుగు ఆకంతా తినేస్తే టేకు చచ్చిపోతుందని భయం. చావదు, మళ్లీ చిగురిస్తుంది. ఎదుగుదల కొంత తగ్గుతుంది. పెద్ద చెట్లకి మందు కొట్టి, ఆ పురుగుని తినే పిట్టలకి హాని చేయొద్దు.

వేరుపురుగుకి ఫోరేట్ గుళికలే గతి అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో అది నిషేధం. పాత స్టాకు ఉందని ఎవరు ఇచ్చినా తీసుకోకండి.