వంపు తలాల వైశాల్యం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఇంటర్ విద్యార్థులకు గణితం బోధిస్తూ, ఆటోనగర్‌లో రేకు పని చేసే మిత్రులకు అప్పుడప్పుడు కొలతలు వేసి ఇస్తుంటాను. అపోహలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

అపోహ: నిలువు ఎత్తు తెలిస్తే రేకు ఎంత కావాలో తేలిపోతుంది.

వాస్తవం: నిలువు ఎత్తు ఘనపరిమాణానికి పనికివస్తుంది, వైశాల్యానికి ఏటవాలు ఎత్తు (వాలు వెంబడి కొలిచిన పొడవు) కావాలి. రైస్‌మిల్లు హాపర్ (ధాన్యం పోసే గరాటు వంటి తొట్టి) అడుగుభాగానికి పై వ్యాసార్థం 60 సెం.మీ., కింది వ్యాసార్థం 20 సెం.మీ., నిలువు ఎత్తు 30 సెం.మీ. అనుకుంటే, వ్యాసార్థాల తేడా 40 కనుక పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ఏటవాలు ఎత్తు 50 సెం.మీ. అవుతుంది. వ్యాసార్థాల మొత్తాన్ని 50తోనూ, π విలువతోనూ గుణిస్తే సుమారు 12,566 చదరపు సెం.మీ. వస్తుంది, 50 బదులు 30 వేస్తే 7,540 మాత్రమే. రేకు మీద ఒకే కేంద్రం నుంచి 75, 25 సెం.మీ. వ్యాసార్థాలతో చాపాలు గీసి, 288 డిగ్రీల మేర కోసి చుడితే ఈ ఆకారమే వస్తుంది. అతుకుకు వదిలేది దీనికి అదనం.

అపోహ: పలుచని బిళ్లలుగా కోసి కూడితే ఏ లెక్కయినా సరిపోతుంది.

సమాకలనం కొత్తగా నేర్చినవారు తరచుగా పడే గుంట ఇది. అదే హాపర్‌ను బిళ్లలుగా కోసి, ఒక్కొక్కటీ చిన్న స్థూపమని భావించి ప్రక్కతల వైశాల్యాలు కూడితే, బిళ్లలు ఎంత పలుచనైనా మొత్తం 7,540 దగ్గరకే చేరుతుంది. ఘనపరిమాణంలో ఈ మెట్ల వల్ల వచ్చే దోషం మందంతో పాటు తరిగిపోతుంది కానీ, వైశాల్యంలో తరగదు. మెట్టు ఎంత చిన్నదైనా దాని ముఖం నిలువుగానే ఉంటుంది తప్ప వాలును అనుసరించదు. అందుకే పరిభ్రమణ తలాల (ఒక గీతను అక్షం చుట్టూ తిప్పితే వచ్చే తలాల) సూత్రంలో అక్షం వెంబడి పొడవు కాక చాపం పొడవు ఉంటుంది.

అపోహ: గోళాన్ని సమాన ఎత్తుగల పట్టీలుగా కోస్తే నడిమి పట్టీయే పెద్దది.

వాస్తవం: అన్ని పట్టీల వైశాల్యమూ సమానమే, ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ చుట్టుకొలత ఏ నిష్పత్తిలో తగ్గుతుందో వాలు పొడవు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఇంత అందమైన ఫలితం క్షేత్రమితిలో మరొకటి లేదని నా అభిప్రాయం. గోళతలం దానిని సరిగ్గా చుట్టిన స్థూపం ప్రక్కతలంతో సమానమని ఆర్కిమెడిస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే నిరూపించాడు.

అర్ధగోళం విషయంలో అడుగు మూసి ఉందో లేదో చూసుకోవాలి: గిన్నెకు వృత్త వైశాల్యానికి రెండు రెట్లు, ఘన అర్ధగోళానికి మూడు రెట్లు.

ప్రతి ఆకారానికీ సూత్రం ఉంటుందన్నదీ అపోహే. మూడు అక్షాలూ వేర్వేరు పొడవుల్లో ఉన్న దీర్ఘవృత్తజానికి (నొక్కిన గోళం వంటి ఆకారానికి) సాధారణ ప్రమేయాలతో రాయగల సూత్రం లేదు, సంఖ్యాత్మకంగానే లెక్కించాలి. గుండ్రని ట్యాంకు మూత వంటి పరిభ్రమణ తలమైతే, దానిని సన్నని శంకు ఛిన్నకాలుగా (కొన తీసేసిన శంకు ముక్కలుగా) విడదీసి, ఒక్కొక్కదాని ఏటవాలు ఎత్తుతో లెక్క కడితే కావలసినంత ఖచ్చితత్వం వస్తుంది.