గాల్లో బ్రేకులుండవు

కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారిలో, టోల్‌గేటు దగ్గరపడే చోట వాహనాలను గమనించండి. అంతవరకూ వంద గజాల ఎడంతో నడిచిన లారీ, కారు అక్కడికొచ్చేసరికి బారెడు దూరంలోకి వచ్చేస్తాయి. ముందున్నది నెమ్మదించింది, వెనకది ఇంకా నెమ్మదించలేదు, అంతే. దిగడానికి వరుస కట్టిన చిన్న విమానాల మధ్య జరిగేదీ ఇదే. కారైతే ఆగగలదు, సెస్నా-172 లాంటి చిన్న విమానం ఆగలేదు. రెక్క వెనక అంచున ఉండే పలకలను, అంటే ఫ్లాప్స్‌ను, పూర్తిగా దించినా, వేగం 40 నాట్ల (గంటకు 74 కిలోమీటర్ల) దగ్గరికి పడిందంటే రెక్క మోయడం మానేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు.

అదే రోడ్డు పక్కన ఓర్వకల్లులో కర్నూలు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. రన్‌వే పొడవు 2,000 మీటర్లు. అలాంటి రన్‌వే అంచుకు ఒక సెస్నా ఒక మైలు దూరంలో, 65 నాట్ల వేగంతో వస్తోందనుకుందాం. ఇక్కడ మైలంటే 1,852 మీటర్ల నాటికల్ మైలు. దాని వెనక మరో మైలు దూరంలో ఇంకో సెస్నా 85 నాట్లతో వస్తోంది. మొదటిది అంచు దాటడానికి 55 సెకన్లు పడుతుంది. ఆలోగా రెండోది 2,400 మీటర్లు లాగించేస్తుంది. ఇక దానికి మిగిలింది 1,300 మీటర్లు, అంటే అరనిమిషం. ఆ అరనిమిషంలో మొదటి విమానం నేల తాకాలి, వేగం తగ్గాలి, పక్కకు తప్పుకునే దారి, అంటే టాక్సీవే, దాకా పాకుతూ పోయి రన్‌వే ఖాళీ చేయాలి. 400 మీటర్లు 15 నాట్లతో పోవడానికే 50 సెకన్లు పైన. ఎడాన్ని పైలట్లు మైళ్లలో చెప్పుకుంటారు గానీ లెక్క తేలేది సెకన్లలోనే. ఆ రెండోది కూడా 65కే తగ్గి ఉంటే చేతిలో 55 సెకన్లు మిగిలేవి.

మామూలు నియమం ప్రకారం ముందు దిగినది రన్‌వే వదిలేదాకా వెనకది అంచు దాటకూడదు. చిన్న విమానాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ ఒక సడలింపు ఇచ్చింది. 2,000 కిలోల లోపు ఒంటి ఇంజన్ విమానాలు రెండైతే, ముందుది అంచు నుంచి 600 మీటర్లు దాటి, కదులుతూ, వెనక్కి తిరగకుండానే రన్‌వే వదిలేలా ఉంటే వెనకది దిగవచ్చు. అది కూడా పగటిపూట, స్థానికంగా అనుమతి ఉన్నచోటే.

మరి ఎడం ఎక్కడ సంపాదించాలి? సర్క్యూట్‌లో. సాధారణంగా నేల నుంచి వెయ్యి అడుగుల ఎత్తున, ఎడమ మలుపులతో రన్‌వే చుట్టూ తిరిగే దీర్ఘచతురస్రం అది. రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకు ఎదురుగా పోయే భుజం డౌన్‌విండ్. అక్కడి నుంచి మలుపు తిరిగితే బేస్, ఇంకో మలుపుతో ఫైనల్. ముందు ఎవరూ లేకపోతే రన్‌వే అంచు 45 డిగ్రీలు వెనక్కి పడగానే బేస్‌కు తిరుగుతారు. ‘నంబర్ టూ’ (వరుసలో నువ్వు రెండోవాడివి) అని కంట్రోల్ టవర్ చెప్పిందంటే ఆ గుర్తు పనికిరాదు. ఫైనల్ మీద ఎదురుగా వస్తున్న ముందు విమానం మన రెక్క కొసకు సూటిగా వచ్చి, వెనక్కి జరిగాకే తిరగాలి.

డౌన్‌విండ్ పొడిగించడంలో ఒక చిత్రముంది. 90 నాట్లతో 10 సెకన్లు అదనంగా పోతే 460 మీటర్లు. ఆ దూరాన్ని ఫైనల్‌లో 65 నాట్లతో తిరిగి రావాలి కాబట్టి ఇంకో 14 సెకన్లు. మొత్తం 24. అదే 15 నాట్ల గాలి ఉంటే పోయేటప్పుడు అది తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. పది సెకన్లకు 540 మీటర్లు వెళ్లి, 50 నాట్ల నేల వేగంతో తిరిగిరావడానికి 21 సెకన్లు పడుతుంది. పది ఇస్తే ముప్ఫై ఒకటి. ఈ లెక్క తెలియని విద్యార్థి గాలి ఉన్న రోజున మరీ దూరం పోతాడు, వాడి వెనకున్న ముగ్గురూ ఇంకా దూరం పోతారు. గాల్లోనే గుండ్రంగా ఒక చుట్టు తిరగడం కంటే ఇది మేలే. ఆ చుట్టుకు రెండు నిమిషాలు పడుతుంది, అందులో సగం సేపు వెనకొచ్చేవాడికి ఎదురెళ్తున్నట్టే. టవర్ చెప్పకుండా తిరగకూడదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా సీమలో నైరుతి గాలి గట్టిగా వీస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేది అదే. పడమర ముఖంగా దిగే ఎడమ సర్క్యూట్‌లో బేస్ ఉత్తరం వైపు సాగుతుంది, ఆ గాలి వెనక నుంచి తోస్తుంది. మలుపు ఆలస్యమై విమానం రన్‌వేకి సూటిగా ఉండే గీతను దాటిపోతుంది. దాన్ని సరిచేద్దామని రెక్క ఇంకా వంచితే స్టాల్ వేగం పెరుగుతుంది: ఎత్తు నిలుపుతూ 30 డిగ్రీల వంపులో 7 శాతం, 45లో 19, 60లో 41. 30 డిగ్రీలు దాటాల్సి వస్తే ఆ దిగుడు వదిలేసి మళ్లీ పైకి లేవడమే తెలివి. దాన్నే గో అరౌండ్ అంటారు. 2021 మే 12న అమెరికాలోని సెంటెన్నియల్ విమానాశ్రయంలో సిర్రస్ అనే చిన్న విమానం ఒకటి ఇలాగే గీత దాటి, పక్క రన్‌వేకి వస్తున్న మెట్రోలైనర్ అనే రెండింజన్ల విమానాన్ని చీల్చుకుపోయింది. సిర్రస్‌కు విమానాన్నే మోసే పారాచూట్ ఉంది, మెట్రోలైనర్ పైకప్పు తెరుచుకుపోయినా దిగింది. ఎవరూ చనిపోలేదు.

చూసుకుంటూ పోతే సరిపోదా అంటే, కొంతవరకే. సెస్నాకు రెక్క పైన ఉంటుంది కాబట్టి పైనున్నది కనిపించదు. పైపర్ అనే మరో రకం చిన్న విమానానికి రెక్క కింద, కాబట్టి కిందిది కనిపించదు. ఫైనల్‌లో పైన పైపర్, కింద సెస్నా వస్తే ఇద్దరూ ఒకరికొకరు గుడ్డివాళ్లే. పైగా ఢీకొనే దారిలో ఉన్న విమానం అద్దంలో కదలదు. చచ్చిన దోమలా ఒకేచోట అతుక్కుని ఉండి, చివరి క్షణాల్లో ఒక్కసారిగా ఉబ్బుతుంది. కదలని చుక్కనే అనుమానించాలి. చుక్కను పోల్చుకుని, నిర్ణయించి, విమానం నిజంగా పక్కకు జరగడానికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, టవర్ లేనిచోట, సర్క్యూట్‌లో ఉన్న చిన్న సెస్నా-152ని నేరుగా 180 నాట్ల ప్రాంతంలో వచ్చిన సెస్నా-340 అందుకుంది. ముగ్గురు పోయారు. ముందున్నది 65 నాట్లలో ఉంటే ఆ తేడాకు మైలు ఎడం అరనిమిషంలో కరిగిపోతుంది.

కర్నూలు, కడపలకు వచ్చే ప్రయాణికుల విమానం ఏటీఆర్-72 సంగతి వేరు. ఇరవై మూడు టన్నుల దాకా బరువు, 110 నాట్ల చుట్టుపక్కల వేగం. దాని వెనక దిగే సెస్నాకు మూడు నిమిషాల ఎడం కావాలి, అంటే 65 నాట్ల దగ్గర ఆరు కిలోమీటర్లు. కారణం రెక్కల కొసల నుంచి పుట్టే సుడులు. అవి నిమిషానికి 300 నుంచి 500 అడుగులు కిందికి దిగుతూ, నేల దగ్గర ఇరుపక్కలకీ పాకుతాయి. పక్క నుంచి పిల్లగాలి వీస్తే ఒక సుడి రన్‌వే మీదే నిలబడిపోతుంది. గాలి తక్కువ ఉన్న రోజే ఎక్కువ జాగ్రత్త. ఏటీఆర్ దారికి పైనుంచే రావాలి, అది నేల తాకిన చోటు దాటి దిగాలి.

కడపలో మే మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, రన్‌వే మీదున్న విమానం కూడా 3,500 అడుగుల పైన ఎగురుతున్నట్టే ప్రవర్తిస్తుంది. వేగ సూచి 65 చూపిస్తుంటే అసలు వేగం 69 దగ్గర ఉంటుంది. మలుపులు వెడల్పవుతాయి, గో అరౌండ్‌లో ఎక్కడం ఈసురోమంటుంది. కాబట్టి ఆ నిర్ణయం ఇంకా ముందే తీసుకోవాలి.

గో అరౌండ్‌లో పవర్ పూర్తిగా ఇచ్చి, ఫ్లాప్స్ కొంచెం కొంచెంగా తీస్తూ, రన్‌వేకి కుడిపక్కకు జరిగి ఎక్కాలి. ఎడమ సీట్లోని పైలట్‌కు రన్‌వే మీదున్న విమానం కిటికీలో కనబడుతూ ఉండాలి. దాని నెత్తిమీదుగా ఎక్కితే, ఆ క్షణానే అది టేకాఫ్ తీసుకుంటే, పైవాడికి కిందివాడు కనిపించడు, రెక్క పైనున్న కిందివాడికి పైవాడూ కనిపించడు.