గజ్జల్లో దురద: ట్యూబుతో ఆగాలా, డాక్టరు దగ్గరికి పోవాలా?

వరంగల్ ఎండలకు జీన్స్ ప్యాంటేసుకుని రోజంతా బండి మీద తిరిగేవాళ్లకు గజ్జలు ఒరుసుకుపోవడం కొత్తేమీ కాదు. సబ్బు, డెటాల్ నీళ్లు, వేపాకు రసం ఆపేసి, ఉత్త నీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచి, వదులు నూలు బట్టలేసుకుంటే చాలామందికి వారంలో తగ్గిపోతుంది. తగ్గితే డాక్టరుతో పనిలేదు.

కానీ మనవాళ్లు వారం ఆగరు. మెడికల్ షాపులో జనం పలచబడ్డాక గొంతు తగ్గించి "అన్నా, దురదకు ఏదన్న ట్యూబ్ ఇయ్యి" అంటారు. అలా చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో తామర మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండ్రోజుల్లో దురద పోతుంది, తామర పోదు. స్టెరాయిడ్ ఒంటి రక్షణను అణచేస్తుంది కాబట్టి ఫంగస్ నిమ్మళంగా తొడలకు, పిరుదులకు పాకుతుంది. పైగా వృషణాల సంచి చర్మం మరీ పలచన. ముంజేతి కంటే అది దాదాపు 40 రెట్లు ఎక్కువ స్టెరాయిడ్‌ను పీల్చుకుంటుందని 1967లోనే కొలిచి చెప్పారు. నెలల తరబడి పూస్తే చర్మం ఎర్రబడి మండుతుంది, తొడల మీద చారలు పడతాయి. ఆ చారలు పోవు.

తామర మామూలుగా తొడ మడతల్లో ఎర్రటి అంచు కట్టి పాకుతుంది, సంచి జోలికి పెద్దగా రాదు. సంచే మండుతుంటే ముందు పూసిన మందునే అనుమానించాలి. రాత్రిళ్లు దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరూ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు వాడాలి.

ముందోలు పగిలి, తెల్లగా పెరుగులాంటిది పేరుకుంటుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి. కొందరికి మధుమేహం బయటపడేది ఇలాగే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి కాబట్టి వాటితోనూ ఇది వస్తుంది. మాత్ర మీకు మీరే మానకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

ఇంకొకటుంది, కాపురాల్లో అనవసరపు అనుమానాలు పెట్టేది. జ్వరానికో విరేచనాలకో మాత్ర వేసుకున్న ప్రతిసారీ పురుషాంగం కొస మీద అదే చోట మచ్చ లేచి, పుండై, నల్లబడుతుంది. అది సుఖవ్యాధి కాదు, మందు పడకపోవడం. మాత్రల షీట్లు వెంట తీసుకెళ్తే డాక్టరు పోల్చుకుంటారు.

నొప్పి లేని పుండును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సిఫిలిస్ పుండు కొన్ని వారాల్లో తనంతట తానే మానుతుంది, జబ్బు లోపలే ఉంటుంది. నీటి పొక్కులు, మానని పుండు, గట్టిపడ్డ తెల్ల మచ్చలకూ ఇదే మాట. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. అక్కడ రోజూ చూసేవే ఇవి, సిగ్గుపడాల్సింది లేదు.

వెనక్కి లాగిన ముందోలు మళ్లీ ముందుకు రాక వాచినా, వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి పుట్టినా, జ్వరంతో పాటు అక్కడి చర్మం నల్లబడి వాసనొస్తున్నా తెల్లారి ఓపీ కోసం ఆగకండి. ఎంత రాత్రైనా క్యాజువాలిటీకే పోవాలి. వృషణం మెలిపడితే దాన్ని కాపాడుకునేందుకు ఉండేది సుమారు 6 గంటలే.