పిల్లల కాలేయ మార్పిడి: అపోహలు - వాస్తవాలు

పిల్లల కాలేయ మార్పిడి విభాగంలో సమన్వయకర్తగా పనిచేస్తున్న నేను తల్లిదండ్రులతో ఆపరేషన్ గురించి మాట్లాడేది తక్కువ. దానికి ముందు చేజారిన రోజుల గురించి, ఆ తర్వాత ఇంట్లో మందులు వేయవలసిన ఏళ్ల గురించి మాట్లాడేదే ఎక్కువ.

అపోహ: పసిబిడ్డకు కామెర్లు మామూలే, ఎండలో పడుకోబెట్టి, పసరు పోయిస్తే తగ్గిపోతాయి.

వాస్తవం: చాలామంది శిశువులకు రెండు వారాల్లో తగ్గే మాట నిజమే. 14 రోజులు దాటినా కళ్లు పచ్చగానే ఉంటే మాత్రం రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్ (కామెర్ల పచ్చదనానికి కారణమయ్యే పదార్థంలో ఒక రకం) ఎంత ఉందో తప్పక చూడాలి. పైత్యరస నాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రేసియా అనే జబ్బులో బిడ్డ విరేచనం పసుపుపచ్చగా కాక సుద్దలా పాలిపోయి ఉంటుంది, మూత్రం గుడ్డకు ముదురు పసుపు మరక పడుతుంది. ఇది తల్లి కంటికే ముందుగా కనిపించే గుర్తు కనుక, ఆ గుడ్డను ఫొటో తీసి తెచ్చినా మాకు ఎంతో ఉపయోగం. ఈ జబ్బుకు మొదట చేసేది, పైత్యరసం పేగులోకి వెళ్లేలా దారి కల్పించే కసాయ్ ఆపరేషన్. పేరు వినగానే కొందరు తల్లులు ఉలిక్కిపడతారు కాబట్టి అది జపాన్ సర్జన్ పేరని ముందే చెబుతాను. బిడ్డకు 60 రోజులు నిండకముందే చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. పసరు వైద్యంతో నెలలు గడిచి, పొట్ట ఉబ్బాక వచ్చిన బిడ్డకు చాలాసార్లు కాలేయ మార్పిడి ఒక్కటే దారిగా మిగులుతుంది. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అపోహ: కాలేయం ఇచ్చిన తల్లి ఇక ఏ పనికీ పనికిరాదు.

వాస్తవం: పసిబిడ్డకు సాధారణంగా దాత కాలేయంలో ఎడమవైపు నుంచి నాలుగో వంతుకు మించని భాగం సరిపోతుంది, దాతలో మిగిలిన కాలేయం కొద్ది నెలల్లో తిరిగి పెరుగుతుంది. ప్రమాదం అసలే లేదని మేము చెప్పము, దాతకు అన్ని పరీక్షలు చేసేది అందుకే. 1998లో ఢిల్లీలో 20 నెలల బాబుకు తండ్రి ఇలాగే కాలేయ భాగం ఇచ్చారు. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ, అవయవం ఇవ్వగల దాతల విషయంలో తాతయ్యలను, అమ్మమ్మ, నానమ్మలను కూడా దగ్గరి బంధువుల్లో చేర్చింది.

అపోహ: నాలుగేళ్లు బాగుంటే మందులు మానవచ్చు.

వాస్తవం: శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరించడం మొదలుపెట్టినా బిడ్డ ఆడుతూనే ఉండవచ్చు, ముందు తెలిసేది రక్తపరీక్షలోనే. అందుకే ఆ తిరస్కరణను అడ్డుకునే టాక్రోలిమస్ అనే మందును 12 గంటలకోసారి వేళ తప్పకుండా వేయాలి, డాక్టరు చెప్పనిదే ఆపకూడదు. మందు స్థాయి చూసే రక్తం ఉదయం డోసుకు ముందే తీయాలి. తెల్లవారుజామున బస్సెక్కిన ఒక తండ్రి వేళ దాటుతుందన్న జాగ్రత్తతో దారిలోనే మందు వేయడంతో, ఇద్దరూ మర్నాటి దాకా ఆగవలసి వచ్చింది. ఆయన తప్పేమీ లేదు, మేము స్పష్టంగా రాసి ఇవ్వవలసింది. పంపరపనస కూడా ఈ మందు స్థాయిని పెంచుతుంది కనుక పెట్టకూడదు.

మార్పిడి జరిగిన పిల్లలకు టీకాలే వద్దనుకోవడం మరో పొరపాటు. పోలియో చుక్కలు, తట్టు టీకా వంటి సజీవ టీకాలను (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసేవి) మార్పిడి తర్వాత సాధారణంగా ఆపుతాము, వాటిలో వీలైనవి మార్పిడికి ముందే వేయిస్తాము, సజీవం కాని మిగిలిన టీకాలు వేయించాలి. ఇంట్లో ఇతర పిల్లలకు కూడా పోలియో చుక్కలకు బదులు ఇంజెక్షనే మంచిది. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ సోకితే అదే రోజు మాకు ఫోన్ చేయాలని బడి టీచరుకు ఇచ్చే ఉత్తరంలో రాసి పంపుతాము.